మాత్ర సొరుగులో, ట్రయల్ టెక్సాస్‌లో

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మావారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, వయసు 62. పోయిన సంక్రాంతి ముందు ఆయన కుడిచేతి బొటనవేలు వణుకుతుంటే చూశాను. కొత్తపేటలో నరాల డాక్టరు గారికి చూపిస్తే పార్కిన్సన్స్ అన్నారు. ఇంకా మొదటి దశేనని ధైర్యం చెప్పి సిండోపా రాశారు. టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి ఆ మాత్ర మొదలుపెట్టొద్దంటున్నాడు. జబ్బును నెమ్మది చేసే కొత్త మందుల మీద అక్కడ ట్రయల్స్ జరుగుతున్నాయట, ఈ మాత్ర ఒక్కటి వేసుకున్నా వాటిలోకి తీసుకోరట. వీసా ఎలాగూ ఉంది కదా, వచ్చేయమంటున్నాడు. మా ఆడపడుచేమో "మనుషుల మీద ప్రయోగాలేంటి వదినా, పిడుగురాళ్ల సంగతి మర్చిపోయావా" అంటోంది. దూలగొండి పొడి తెచ్చిచ్చింది కూడా ఆవిడే. మాత్రలు మూడు నెలలుగా సొరుగులో అలాగే ఉన్నాయి. ఈలోగా పోయిన నెల బ్యాంకులో ఆయన సంతకం కలవలేదని చెక్కు వెనక్కి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అబ్బాయి మాట వినాలా, డాక్టరు గారి మాట వినాలా? ఇంకో చిన్న అనుమానం. నాలుగేళ్ల కిందట నేను కొత్తావకాయ కలుపుతుంటే పక్కనే కూర్చుని వాసనే రావడం లేదన్నారు. దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు సొరుగు సంగతి చూద్దాం, టెక్సాస్ సంగతి తర్వాత.

నేను డాక్టర్ని కాను. విజయవాడలో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో తొమ్మిదేళ్లు స్టడీ కోఆర్డినేటర్‌గా చేశాను. ట్రయల్‌లో చేరడానికి వచ్చినవాళ్లకు అంగీకార పత్రం చదివి వినిపించడం, నెలనెలా వాళ్లు తెచ్చే డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, ఆటో చార్జీల వోచర్లు రాయడం నా పని. ఆ కుర్చీలోంచి కనబడిందే చెబుతాను. మందు డోసు సంగతి మీ డాక్టరు గారిదే.

మూడు నెలలు మాత్ర వేయనందుకు జబ్బు ముదిరిపోయిందేమోనని మీరు లోపల్లోపల బెంగపడుతున్నట్టుంది. ఆ బెంగ వద్దు. సరిగ్గా ఇదే ప్రశ్న మీద నెదర్లాండ్స్‌లో ఒక ట్రయల్ చేశారు, 2019లో ఫలితం వచ్చింది. మొదటి దశలో ఉన్న 445 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మొదటి రోజు నుంచే లెవోడోపా ఇచ్చారు. సిండోపాలో ఉండే అసలు సరుకు అదే. రెండో జట్టుకి 40 వారాల పాటు మందు లేని ఉత్తుత్తి మాత్రలిచ్చి, ఆ తర్వాత లెవోడోపా మొదలుపెట్టారు. 80 వారాలకి చూస్తే రెండు జట్లూ ఒకే చోట ఉన్నాయి. ముందు మొదలుపెట్టినందువల్ల జబ్బు నెమ్మదించలేదు, త్వరగా ముదరనూ లేదు. ఆగి మొదలుపెట్టినవాళ్లకి ఆ విషయంలో కలిసొచ్చిందీ లేదు, పోయిందీ లేదు. "ఇప్పుడే వాడేస్తే తర్వాత పనిచేయదు" అని చాలా ఇళ్లలో ఈ మాత్రను పెళ్లికి దాచిన పట్టుచీరలాగా దాస్తుంటారు. అలా దాస్తే మిగిలేదేమీ లేదని తేల్చింది ఆ ట్రయలే.

మరి ఈ మూడు నెలల్లో పోయిందేమిటంటే మాస్టారి సంతకం. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుంది. వరస మొదట్లో ఉన్నంత అక్షరం చివరికి వచ్చేసరికి చీమంతవుతుంది. ఏళ్ల తరబడి బోర్డు మీద గుండ్రంగా సున్నాలు చుట్టిన చెయ్యి ఇప్పుడు తన పేరు తాను రాసుకోలేకపోతోంది. మెదడులో తగ్గిపోయిన డోపమిన్ అనే రసాయనాన్ని భర్తీ చేసి చేతినీ నడకనూ వదులు చేయడమే డాక్టరు గారు రాసిన మాత్ర పని. జబ్బును అది ఆపదు, కానీ మనిషిని మనిషిలా తిరగనిస్తుంది.

కాబట్టి ఈ వారంలోనే మాస్టారిని వెంటబెట్టుకుని కొత్తపేట వెళ్లండి. "రాసిచ్చారు గానీ వేసుకోలేదండీ" అని ఉన్నమాట చెప్పేయండి. కోప్పడితే కోప్పడతారు, ఆ కాసేపే. సొరుగులోంచి తీసి మీ అంతట మీరే మొదలుపెట్టకండి, కొద్ది కొద్దిగా పెంచుకుంటూ వెళ్లాల్సిన మాత్ర అది. మొదలుపెట్టాక మాత్రం ఎవరు చెప్పినా సరే, ఏ ట్రయల్ కోసమైనా సరే, ఉన్నపళంగా ఆపకూడదు. అలా ఆపితే ఒళ్లు కొయ్యబారిపోయి, జ్వరం ఎక్కి, ప్రాణం మీదికి రావచ్చు. ఇంకో మాట. పప్పులూ మాంసమూ ఈ మందుకి అడ్డుపడతాయి. పెసరట్టు తిన్న వెంటనే కాకుండా అరగంట ముందే వేసుకుంటే బాగా పడుతుందని సాధారణంగా చెబుతారు. మొదట్లో వికారం చేస్తే ఏం చేయాలో డాక్టరు గారినే అడగండి.

ఇక మీ అబ్బాయి మాట. అతను చెప్పినదాంట్లో సగం నిజముంది. కొన్ని ట్రయల్స్‌లో నిజంగానే లెవోడోపా ఇంకా మొదలుపెట్టనివాళ్లనే తీసుకుంటారు. గోడకి కొత్తగా సున్నం కొడితే పగులు పెరిగిందో లేదో తెలియదు కదా, అలాంటిదే. లెవోడోపా లక్షణాలను కప్పేస్తుంది కాబట్టి, కొత్త మందు లోపలి జబ్బును నిజంగా నెమ్మది చేసిందో లేదో చూడటం కష్టమవుతుంది. అయితే ఇప్పుడు చాలా ట్రయల్స్ ఈ పట్టు సడలించాయి. ప్రాసినెజుమాబ్ అనే ఇంజెక్షన్ సంగతే చూడండి. మెదడు కణాల్లో ఉండలు కట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోవాలని చేసిన మందు అది. మొదటిసారి 316 మంది మీద చూసినప్పుడు లెవోడోపా వాడుతున్నవాళ్లను తీసుకోలేదు. 2022లో వచ్చిన ఫలితంలో ముందు పెట్టుకున్న లక్ష్యం అందలేదు. తర్వాత 586 మందితో చేసిన రెండో ట్రయల్‌లో, అప్పటికే మందు మీద ఉండి కొన్నాళ్లుగా డోసు మారనివాళ్లనే తీసుకున్నారు. అందులోనూ లక్ష్యం తప్పింది గానీ, కొన్ని లెక్కల్లో ఆశ కనబడిందని కంపెనీ మూడో దశ ట్రయల్‌కు వెళతానంది. ఫ్రాన్స్‌లో 156 మందితో చేసిన లిక్సిసెనటైడ్ ట్రయల్‌లో కూడా మందులు వాడుతున్నవాళ్లే ఉన్నారు. "మాత్ర వేసుకుంటే తలుపు మూసుకుపోతుంది" అన్నది అందుకే సగం మాటే.

మందు వేసుకోకుండా కాచుకుని కూర్చోవడంలో ఇంకో మెలిక ఉంది. 2022లోనే డెఫెరిప్రోన్ అనే మందు ఫలితం వచ్చింది. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మెదడులో జబ్బు తాకిన చోట ఇనుము పేరుకుంటుంది. ఆ ఇనుమును లాగేస్తే జబ్బు నెమ్మదిస్తుందని లెక్క. వినడానికి ఎంత సబబుగా ఉంది! లెవోడోపా మొదలుపెట్టని 372 మందిని తీసుకుని, సగం మందికి ఆ మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర 36 వారాలు ఇచ్చారు. అసలు మందు వేసుకున్నవాళ్లే ఎక్కువ దిగజారారు. లక్షణాలు పెరిగి మధ్యలోనే వేరే చికిత్స మొదలుపెట్టాల్సి వచ్చినవాళ్లు ఆ జట్టులో నూటికి 22 మంది, ఉత్తుత్తి మాత్ర జట్టులో నూటికి ముగ్గురు కూడా లేరు. ఈ మాట మీ అబ్బాయికి వినిపించండి. ట్రయల్ మందంటే కొత్త మందు ముందుగా దొరకడం అనుకుంటారు చాలామంది. అది ఇంకా జవాబు తెలియని ప్రశ్న. ఆ జవాబు 'మేలు చేయదు' అని రావచ్చు, 'కీడు చేస్తుంది' అని కూడా రావచ్చు.

జబ్బును నెమ్మది చేసే మందుందా అని అడగడం మొదలై చాలా కాలమైంది. 1987లో అమెరికా, కెనడాల్లో 800 మందితో మొదలైన ట్రయల్‌లో విటమిన్ ఇ, సెలిజిలిన్ అనే మందు పరీక్షించారు. విటమిన్ ఇ వల్ల ఒరిగిందేమీ లేదు. సెలిజిలిన్ మొదట జబ్బును నెమ్మది చేసినట్టే కనబడింది, తీరా చూస్తే అది కూడా లక్షణాలను కొంత కప్పిందంతే. జిమ్ కుర్రాళ్లు పాలల్లో కలుపుకునే క్రియాటిన్‌ను 1,741 మంది మీద చూసి, లాభం లేదని 2013లో ఆపేశారు. కోఎంజైమ్ క్యూ10 సంగతీ అంతే. ఇప్పటికీ మన మందుల షాపుల్లో "నరాలకి మంచిదండీ" అని చేతిలో పెడుతుంటారు. మన దేశపు సన్ ఫార్మా పరిశోధన సంస్థ తయారుచేసిన వోడోబాటినిబ్ కూడా 2024లో ఉత్తుత్తి మాత్రను మించలేకపోయింది. జబ్బు నడకను నెమ్మది చేస్తుందని రుజువై అనుమతి పొందిన మందు ఇప్పటివరకూ ఒక్కటీ లేదు. ఎవరైనా ఉందని చెబితే వాళ్లు ఏం అమ్ముతున్నారో చూడండి.

మీ అబ్బాయి బహుశా షుగర్ ఇంజెక్షన్ల వార్త చదివి ఉంటాడు. ఇందాక చెప్పిన లిక్సిసెనటైడ్ ఆ కోవదే. ఏడాది తర్వాత ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లు కదలికల పరీక్షలో మూడు పాయింట్లు దిగజారితే, మందు వాళ్లు ఉన్నచోటే ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో ఆ వార్త వచ్చినప్పుడు నాకు తెలిసినవాళ్లే నలుగురు ఫోన్లు చేశారు. ఆ మందు తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి వికారం పట్టుకుందన్న సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు. దానికి అన్నలాంటి మందు ఎక్సెనటైడ్. అమెరికా ఎడారుల్లో తిరిగే విషపు బల్లి లాలాజలంలోంచి దొరికిన ఆలోచన అది. 2017లో 62 మంది మీద భలే ఫలితం ఇచ్చింది. అదే మందును బ్రిటన్‌లో 194 మంది మీద 96 వారాలు నడిపితే, 2025లో తేడా ఏమీ లేదని తేలింది. చిన్న ట్రయల్‌లో ఎగిరిన గాలిపటం పెద్ద ట్రయల్‌లో తెగడం ఈ జబ్బులో మామూలే.

ఎందుకిలా అంటారా? ఆ మూడు పాయింట్లు ఎలా వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి బొటనవేలూ చూపుడువేలూ పదిసార్లు టకటకా తాటించమంటారు. ఎంత వేగంగా, ఎంత వెడల్పుగా తాటించాడు, మధ్యలో ఆగాడా అని చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తారు. గుప్పిట మూసి తెరవమంటారు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటారు, వరండాలో నడిపిస్తారు, వెనక నిలబడి భుజాలు పట్టి హఠాత్తుగా లాగి తూలతాడేమో చూస్తారు. మొత్తం 132 మార్కులు. మన పరీక్షల్లా కాదు, ఇందులో మార్కులు ఎంత తక్కువొస్తే అంత మంచిది. ముందురోజు రాత్రి నిద్రలేకపోయినా, బస్సులో ఎవరితోనో పోట్లాడి వచ్చినా ఆ మార్కులు మారిపోతాయి. అలాంటి త్రాసు మీద, ఏడాదికి రెండు మూడు పాయింట్లు కదిలే జబ్బును తూచాలి.

దానికి తోడు నమ్మకం ఒకటి. నేను పనిచేసిన రోజుల్లో కంకిపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు. నరాల మందు ట్రయలే అది. ప్రతిసారీ డబ్బా మూత తీసి నా ముందు బోర్లించి, "లెక్క చూడమ్మా, ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు" అనేవాడు. నాలుగో నెలకి నడకలో ఊపొచ్చింది, ముఖం తేటపడింది. మేమంతా అతనికి అసలు మందే పడిందనుకున్నాం. ట్రయల్ ముగిసి చీటీ విప్పితే అతనిది ఉత్తుత్తి మాత్ర. చెబితే కాసేపు ఆలోచించి, "అయితే ఆ డబ్బా ఇంకోటి ఉంటే ఇప్పించండి" అన్నాడు. అప్పుడు నవ్వాం గానీ, అది నవ్వులాటేం కాదు. 2001లో కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి ఉత్తుత్తి మందిచ్చి మెదడు స్కాన్ తీస్తే, మందు పడిందన్న ఆశకే లోపల డోపమిన్ నిజంగా ఊరింది. అందుకే ఎవరికి ఏది పడిందో పేషెంటుకీ, మార్కులు వేసే డాక్టరుకీ కూడా తెలియకుండా దాస్తారు. మాస్టారు చేరితే ఆయనకు ఉత్తుత్తి మాత్ర పడే అవకాశం సగం దాకా ఉండొచ్చు. ఏడాదో రెండేళ్లో ఆ సంగతి తెలియదు కూడా. అది సమ్మతమేనా అన్నది చేరేముందే తేల్చుకోవాలి.

టెక్సాస్ సంగతి. విజిటర్ వీసా మీద వెళితే మామూలుగా ఆరు నెలలుంటారు. ఈ ట్రయల్స్ ఏడాదిన్నర, రెండేళ్లు నడుస్తాయి. మధ్యలో తిరిగొస్తే ఆయన పడ్డ కష్టమూ వృథా, వాళ్ల లెక్కలకీ చేటు. అక్కడ ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే పరిహారం ఇచ్చితీరాలన్న కేంద్ర చట్టం లేదు. ఎవరు ఎంత భరిస్తారో ఆ పత్రంలో ఏం రాసుంటే అదే. ఇక్కడ ఆ చట్టం ఉంది. అమెరికాలో అన్నీ పకడ్బందీగా ఉంటాయని మనవాళ్లు అనుకుంటారు గానీ, ఈ ఒక్క విషయంలో కాగితం మీద మనమే నయం. అబ్బాయిని చూడటానికి వెళ్లండి, హాయిగా వెళ్లండి, మాత్రలు సరిపడా పట్టుకెళ్లండి. ట్రయల్ కోసమని మాత్రం విమానం ఎక్కకండి.

మీ ఆడపడుచు భయాన్ని కొట్టిపారేయను. పిడుగురాళ్ల సంగతి ఆవిడ గాల్లోంచి తీసుకురాలేదు. 2011లో అక్కడి పేద ఆడవాళ్లను డబ్బాశ చూపి హైదరాబాద్‌లో ఒక సంస్థకు తీసుకెళ్లి మందులు పరీక్షించారు. ఏ మందో, ఎందుకో వాళ్లకు సరిగ్గా తెలియదు. గొడవ బయటపడ్డాక ఆ సంస్థ అనుమతిని కేంద్రం నిలిపేసింది. అది జబ్బున్నవాళ్ల మీద చేసే ట్రయల్ కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మందిచ్చి రక్తంలో ఎంత చేరిందో చూసే రకం. అయినా సిగ్గుపడాల్సిన సంగతే. ఇలాంటివి పోగుపడే, కోర్టుల దాకా వెళ్లే, 2019లో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం అంగీకార పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక ప్రతి మన చేతికివ్వాలి. ఇంతవరకూ ఎక్కడా వాడని కొత్త మందైతే, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లను చేర్చుకుంటుంటే, ఆ చదివి వినిపించడమంతా వీడియో తీయాలి. ట్రయల్ వల్ల ఒంటికి ఏదైనా అయితే ఖర్చు లేకుండా వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. దొరికే చికిత్స ఇవ్వకుండా ఉత్తుత్తి మాత్ర మీద ఉంచినందుకు హాని జరిగితే దానికీ పరిహారం ఉంది. ఏ రోజైనా "నేను మానేస్తున్నా" అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యం ఆపకూడదు.

కాగితం మీద ఉన్నది గదిలోకి రావడానికి మాత్రం టైము పట్టింది. కెమెరా రాకముందు నా తప్పు ఒకటి చెబుతాను. బయట పదిమంది కూర్చున్నారని, ఒక పెద్దావిడకి ఇరవై పేజీల పత్రాన్ని పావుగంటలో తిప్పేసి సంతకాల చోట టిక్కులు పెట్టిచ్చాను. ఆవిడ పెన్ను పట్టుకుని, "ఇంతకీ ఇది మందేనామ్మా?" అంది. ఆ మాటతో ఆగి మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. మాస్టారు ఎక్కడైనా అలాంటి పత్రం ముందు కూర్చుంటే, ఇంటికి తీసుకెళ్లి చదివి రేపొస్తామని చెప్పండి. వద్దంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి.

మన దగ్గర ఏ ట్రయల్ జరుగుతుందో తెలుసుకోవడానికి అమెరికా నుంచి ఫోను అక్కర్లేదు. సీటీఆర్ఐ అని ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది, 2007 నుంచి నడుస్తోంది. 2009 నుంచి ప్రతి ట్రయల్‌నూ ముందుగా అక్కడ నమోదు చేయడం తప్పనిసరి చేశారు. వెతికేచోట పార్కిన్సన్ అని కొడితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఎవరిని తీసుకుంటున్నారు, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా అన్నీ కనబడతాయి. గుంటూరు, విజయవాడ పేర్లు కనబడకపోతే హైదరాబాద్ చూడండి. కనబడిన వరస మీ డాక్టరు గారికి చూపించి, "ఇది మావారికి సరిపోతుందా, ఇప్పుడున్న మాత్ర ఆపకుండా చేరొచ్చా" అని అడగండి. రిజిస్ట్రీలో లేనిదాన్ని ట్రయల్ అని చెబితే నమ్మకండి. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని లక్షలు అడిగేవాళ్లు కూడా ఈమధ్య ట్రయల్ అనే మాటే వాడుతున్నారు. పరీక్షించే మందుకి పేషెంటు దగ్గర డబ్బు తీసుకుంటే అది వ్యాపారం.

ఒకటి రెండు మందుల పేర్లు వినగానే మీరు మందుల షాపుకి వెళతారేమోనని ముందే చెబుతున్నా. మన ఇళ్లలో దగ్గుమందు సీసాల మీద కనబడే ఆంబ్రాక్సాల్‌ను బ్రిటన్‌లో పార్కిన్సన్స్ మీద పెద్ద ట్రయల్‌లో చూస్తున్నారు. బీపీకి వాడే టెల్మిసార్టాన్‌ను కూడా ఇంకో ట్రయల్‌లో చూస్తున్నారు. చవకైన పాత మందులు పనికొస్తే అంతకంటే కావలసిందేముంది, నాకూ ఆశగానే ఉంది. కానీ అక్కడ ఇచ్చే ఆంబ్రాక్సాల్ రోజుకు గ్రాము పైమాటే, దగ్గుకు వాడేదానికి ఎన్నో రెట్లు. సీసా ఎత్తి తాగే సంగతి కాదు. బీపీ లేనివాళ్లు టెల్మిసార్టాన్ వేసుకుంటే కళ్లు తిరిగి పడొచ్చు.

దూలగొండి గురించి మాత్రం మీ ఆడపడుచుని తీసిపారేయకండి. దాని గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాన్ని గింజల్లోంచి విడదీశారు. చిక్కల్లా కొలత దగ్గరే. ఏ చెంచాలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. సిండోపాతో పాటు ఇది కూడా వేస్తే డోసు ఎక్కువైపోయి వాంతులు, కళ్లు తిరగడం, లేనిపోని ఆకారాలు కనబడటం జరగొచ్చు. ట్రయల్‌లో ఉంటూ దొంగచాటుగా పొడి కలుపుకుంటే మందు పనిచేసిందో పొడి పనిచేసిందో ఆ దేవుడికి కూడా తెలియదు. పొడి సంగతి డాక్టరు గారికి చెప్పండి, ఆ డబ్బా పట్టుకెళ్లి బల్ల మీద పెట్టండి.

ఆవకాయ వాసన గురించి అడిగారు. చిన్న అనుమానం అన్నారు గానీ, మీ ఉత్తరంలో శాస్త్రవేత్తలు ముందు పట్టుకునేది అదే. వాసన పోవడం, మలబద్ధకం, నిద్రలో కలవరించి చేతులు విసరడం ఇవన్నీ వణుకు కంటే ఏళ్ల ముందే రావచ్చు. వేలు వణికే నాటికి డోపమిన్ తయారుచేసే కణాల్లో పెద్ద భాగం అప్పటికే పోయి ఉంటుంది. 'మొదటి దశ' అని డాక్టర్లు అనేది మనకు కనబడిన మొదటి దశ. ఇన్ని మందులు ఓడిపోవడానికి ఇదీ ఒక కారణమేమోనని అనుమానం. ఇల్లు సగం కాలాక నీళ్లు పోస్తున్నామేమో మరి. 2023లో 1,123 మంది వెన్నునీటిని పరీక్షించి, ఉండకట్టే ఆ ప్రొటీన్ జాడ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో నూటికి 88 మందిలో పట్టుకున్నారు. వాసన పోయినవాళ్లలో ఇంకా ఎక్కువ దొరికింది. వణుకు రాకముందే జబ్బును పట్టుకుని అప్పుడు మందు పరీక్షించాలన్నది ఇప్పటి ఆలోచన. అలాగని వాసన పోయిన ప్రతివాళ్లకీ ఈ జబ్బు వస్తుందని వీధంతా చెప్పకండి. జలుబుకీ, కోవిడ్‌కీ, వయసుకీ కూడా పోతుంది.

మందు లేని ట్రయల్ కూడా ఒకటుంది, దానికి వీసా అక్కర్లేదు. 2018లో ఫలితం వచ్చింది, మొదటి దశలో ఉండి ఇంకా మందు మొదలుపెట్టని 128 మంది. వారానికి మూడుసార్లు ట్రెడ్‌మిల్ మీద గుండె గట్టిగా కొట్టుకునేంత నడిచినవాళ్లు ఆరు నెలలకి దాదాపు ఉన్నచోటే ఉన్నారు, మామూలుగా ఉన్నవాళ్లు మూడు పాయింట్లు దిగారు. ఇదీ చిన్న ట్రయలే, పెద్దది నడుస్తోంది. గాలిపటం మాట నాకు గుర్తుంది. కాకపోతే ఇందులో పోయేదేమీ లేదు. ఒకసారి గుండె పరీక్ష చేయించి, పొద్దున్నే బృందావన్ గార్డెన్స్ దగ్గర స్టేడియానికి తీసుకెళ్లండి. కబుర్లు చెబుతూ నడిచే నడక చాలదు, ఆయాసం రావాలి.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే ఎక్కువ తట్టింది. మీ ఉత్తరంలో అబ్బాయి మాట ఉంది, ఆడపడుచు మాట ఉంది, డాక్టరు గారి మాట ఉంది. మాస్టారి మాట ఒక్కటి లేదు. ట్రయల్ పత్రం మీద కొడుకు సంతకం చెల్లదు, భార్య సంతకం చెల్లదు, ఆయనదే కావాలి. లెక్కల మనిషి. చీటీ తీసి సగం మందిని ఇటూ సగం మందిని అటూ ఎందుకు వేస్తారో మనకంటే ఆయనకే బాగా తెలుస్తుంది. ఆదివారం అబ్బాయికి వీడియో కాల్ చేసి, ఫోను మాస్టారి ముందు పెట్టి, మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. ఉత్తుత్తి మాత్ర పడ్డా ఫర్వాలేదు, నా తర్వాత వాళ్లకైనా పనికొస్తుందని ఆయనకు అనిపిస్తే ఇక్కడే, మాత్ర మానకుండా, దగ్గర్లో దొరికే ట్రయల్ చూసుకోవచ్చు. అక్కర్లేదంటే అంతటితో సరి.

బ్యాంకు పని ఒకటి మిగిలింది. డాక్టరు గారు మాత్ర మొదలుపెట్టి, డోసు కుదిరి కొన్ని వారాలు గడవనివ్వండి. తర్వాత ఒక పొద్దున మాత్ర వేసుకున్న గంటకు, చెయ్యి వదులుగా ఉన్న వేళ చూసి, పాస్‌బుక్కూ ఆధార్ కార్డూ పట్టుకుని ఇద్దరూ వెళ్లండి. సంతకం మారిందని రాసిస్తే కొత్త నమూనా తీసుకుంటారు. గీతలున్న కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి. గీతల మధ్య రాస్తే అక్షరం అంతగా చిన్నదవ్వదు.